ఆరు గంటల టెస్టు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, జూలై నెలాఖరు. కదిరిలో ఒక ఇంటర్నెట్ కంపెనీకి లైన్లు చూసేవాణ్ణి. దగ్గర్లోని నల్లమాడ ఊరికి మావి రెండు దారులు. నేలలో ఫైబర్ కేబుల్, అది తెగితే గాలిలో సిగ్నల్ పంపే గుట్ట మీది డిష్. ఒకటి పోగానే రెండోదానికి దానంతటదే మారడాన్ని ఫెయిలోవర్ అంటారు. నెలకోసారి నేనే ఫైబర్ ఆపి దాన్ని పరీక్షించేవాణ్ణి, అదీ పొద్దున ఆరింటికి. ఆ వేళ నెట్ వాడేవాళ్ళుండరు, నన్ను తిట్టేవాళ్ళూ ఉండరు. ప్రతిసారీ పాసయ్యేది.

వేరుశనగకు బీమా నమోదు చివరి రోజున, మధ్యాహ్నం ఎవరో డ్రిప్పు పైపు కోసం జేసీబీతో తవ్వుతూ ఫైబర్ తెంచేశారు. వెంటనే డిష్ అందుకుంది. కదిరిలో నా స్క్రీన్ మీద అంతా పచ్చగానే ఉంది. కేబుల్ అతికించే మనుషులను పంపి, టీకి వెళ్ళాను.

నాలుగింటికి, బీమా ఫారాలు పంపే నల్లమాడ సేవా కేంద్రం గోడ మీది నా నంబరు చూసి, ఖాదర్ వలి అనే రైతు ఫోన్ చేశాడు.

"ఏమప్పా, పొద్దన్నుంచి వరసలో ఉండా. నా ముందర ఇద్దరే. మిషన్ తిరగతానే ఉండాది, ఫారం పోదు. ఐదుకు మూసేస్తారంట. మూడెకరాలు ఏసినా."

అప్పుడు తెలిసొచ్చింది. డిష్ దారి ఇరుకు. ఊరందరి సినిమాలు, ఆటలు, బీమా ఫారాలు అన్నీ అందులోకే తోసుకొచ్చాయి. దీన్నే కంజెషన్ అంటాం. వెళ్ళని ఫారాన్ని మిషన్ మళ్ళీ మళ్ళీ పంపుతుంటే ఇరుకు ఇంకా పెరుగుతుంది. ముందు ఏది పోవాలో చెప్పే ప్రయారిటీ నేను పెట్టనే లేదు. ఇప్పుడు కదిరి నుంచి పెడదామంటే, నా ఆదేశం వెళ్ళాల్సిందీ ఆ ఇరుకులోంచే. బండేసుకుని నల్లమాడకు పరుగెత్తాను. చేరి, ఇళ్ళ కనెక్షన్లు ఆపేసరికి ఐదుకు మూడు నిమిషాలు. ముందున్న ఇద్దరి ఫారాలు వెళ్ళాయి. ఖాదర్ వలి మూడోవాడు, అతని వంతు వచ్చేసరికి మూసేశారు.

"నాయన కాలం నుంచి వానను నమ్ముకోని చెడిపోతిమి. ఈసారి నీ తీగను నమ్మినాం" అన్నాడు.

ఆగస్టులో చినుకు రాలలేదు. ఆ చేను వైపు పోవడానికి నాకు ముఖం చెల్లలేదు. ఆరింటికి నేను చేసింది లైనుకు పరీక్ష కాదు, తిట్లు తప్పించుకునే ఏర్పాటు.

ప్రయారిటీ ఇప్పుడుంది. టెస్టు మిట్టమధ్యాహ్నం, కేంద్రం ముందు వరస నిండుగా ఉన్నప్పుడే చేస్తాను. ఫోన్లు మోగుతాయి, బూతులు పడతాయి. అయినా ఎత్తుతాను. మొన్న ఖాదర్ వలి చేశాడు.

"ఏమప్పా, నెట్టు నిదానమాయ. టెస్టు చేస్తాండావా?"

"అవునన్నా."

"చెయ్యి, బాగా చెయ్యి. తిట్టుకుంటా నిలబడుకోని ఉంటాంలే."