ట్రాక్టర్ సీటు మీద తువ్వాల

ఆ రోజుల్లో నేను నిలబడే అన్నం తినేవాణ్ణి. మా వైపు పెళ్లిళ్లలో బఫేలు అప్పుడప్పుడే మొదలయ్యాయి కాబట్టి, చూసినవాళ్లు నేనేదో ముందుగా సాధన చేస్తున్నాననుకొని ఉంటారు. నిలబడటం నాకు కొత్తేమీ కాదు. ఏడో తరగతిలో బడి మానేసేదాకా లెక్కల సారు నన్ను బెంచీ మీద నిలబెట్టే ఉంచాడు. బళ్లో నేర్చుకున్న వాటిలో అక్కరకొచ్చింది ఆ ఒక్క విద్యే. అన్నం నిలబడి, చాయ్ నిలబడి, చుట్టాలొస్తే గోడకు ఆనుకొని ముచ్చట. ఇంత నిలకడ గల మనిషికి దొరికిన పని మాత్రం కూర్చుని చేసేది. ట్రాక్టర్ డ్రైవర్‌ని.

బోధన్ పక్కన కాలువ కింద చెరకు పండించే ఒక ఆంధ్రా రైతు దగ్గర కుదిరాను. ఊరంతా ఆయన్ని బాబుగారనేది. (పుట్టింది మా జిల్లాలోనే, కానీ కోపమొస్తే మాట కోస్తాకు పోయేది.) అంతకుముందు నిజామాబాద్ గంజ్‌లో బస్తాలు మోసేవాణ్ణి. బాపు పోయాక ఇంట్లో మిగిలింది అవ్వా, నేనూ. ఈ ఒక్క చెరకు సీజన్ సక్రమంగా తోలితే ఏడాది పొడవునా ట్రాక్టర్ నాదేనన్నారు బాబుగారు. తోలలేకపోతే మళ్లీ బస్తాలే. నా బతుకంతా ఆ ఇనుప సీటు మీద ఉంది. ఆ సీటు మీద నేనే ఉండలేకపోయాను.

ఎందుకుండలేకపోయానో చెప్పాలంటే లైన్ సంగతి చెప్పాలి. మా దగ్గర చక్కెర ఫ్యాక్టరీ గేట్లు మూతపడ్డాక చెరకు సరిహద్దు దాటి మరాఠా వైపు ఫ్యాక్టరీకి పోయేది. అక్కడ గేటు ముందు ట్రాక్టర్ల వరస, ఒక్కోసారి రాత్రీ పగలూ. గేటు కాడ కాపలావాడు "పుఢే చలా", అంటే ముందుకు నడవండని అరిచినప్పుడు డ్రైవర్ సీటు మీద లేడంటే, వెనకవాడు పక్కనుంచి దాటేస్తాడు. తిట్టడానికి కూడా వీల్లేదు, లైన్ ధర్మం అది. ఆలస్యమైతే చెరకు ఎండుతుంది, తూకం పడిపోతుంది, బాబుగారి మాట కోస్తాకు పోతుంది. అందుకని మేం డ్రైవర్లం కనిపెట్టిన ఉపాయమేమిటంటే దిగకుండా ఉండటం. దిగకుండా ఉండాలంటే నీళ్లు తాగకుండా ఉండటం. నీళ్లకు బదులు చాయ్, అన్నానికి బదులు వడాపావ్, దాని మీద పచ్చిమిరపకాయ. లోపల్నుంచి పిలుపొస్తే పళ్లు బిగించి 'ఆగవయ్యా, ఇంకో నాలుగు బండ్లే' అని బతిమాలేవాళ్లం. కాటా దగ్గర ఒక లెట్రిన్ ఉండేది. తాళం కూడా ఉండేది. ఆ తాళంచెవి తూకం రాసే గుమాస్తాల జేబులో ఉండేది. వాళ్ల కడుపులు కడుపులు, మావి ట్రాలీలు!

అట్లా బతిమాలీ బతిమాలీ, ఒక రోజు పిలుపు రావడమే మానేసింది. వచ్చిన రోజు గాజుపెంకులతో వచ్చింది. ఎర్రగా నాలుగు చుక్కలు కనిపించగానే నా కథ ముగిసిందనుకున్నాను. అవ్వకు చెప్పకుండా దాచాను. జ్వరమొస్తే బత్తాయిలు తెస్తారు, కాలు విరిగితే కల్లు తెచ్చి పరామర్శిస్తారు, ఇదొస్తే మాత్రం పక్కకు తిరిగి నవ్వుతారు! ఇదేం న్యాయమని ఇప్పటికీ అడుగుతాను. ఆ భాగం దేవుడు మాకొక్కరికే ఇచ్చాడా?

నేను చెప్పకపోయినా, నిలబడి తింటుంటే అవ్వకు అర్థమైంది.

"ఏడి సేసింది బిడ్డా. పొద్దుందాక ఇంజన్ మీద కూసుంటే ఏడి సెయ్యదా?"

ఆమె లెక్కలో ట్రాక్టర్ వేడి నేరుగా నాలోకి ఎక్కుతోంది. మజ్జిగ పోసింది, సబ్జా గింజలు నానబెట్టింది, సీటు మీద వేసుకొమ్మని తడి గోనెసంచి ఇచ్చింది. నేనూ నమ్మి పరుచుకున్నాను. గోనె ఒరుసుకొని ఉన్న మంటకు పైమంట తోడైంది. లాగు వెనక తడి చూసి కాపలావాడు పడీపడీ నవ్వాడు.

లైన్లో నా వెనక ఉండేది జర్దా అన్న బండి. దవడలో ఎప్పుడూ జర్దా ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఆయన నవ్వలేదు. చెవి దగ్గరికొచ్చి, "మొలలురా తమ్మీ. నా ఎరుకల ఒక వైద్యుడున్నడు. కోసుడు లేదు, కుట్టుడు లేదు" అన్నాడు. నిజామాబాద్‌లో గోడ మీద మొలలు, లూటీ, ఫిషర్ అని వరసగా రాసి, కింద 'ఒక్క పూటలో మాయం' అన్న గది అది. వైద్యుడు నా చెయ్యి పట్టుకొని నాడి చూశాడు. (నొప్పి ఒకచోట, చూసేది ఇంకోచోట! టైరు పంక్చరైతే హారన్ కొట్టి చూసే మెకానిక్‌ని నేనెక్కడా చూడలేదు.)

"సార్, అక్కడ సూడరా?" అన్నాను.

"నాకు సూడాల్సిన పని లేదు. మొఖం సూస్తెనే తెలుస్తది."

నా మొఖానికీ దానికీ ఏం పోలిక కనిపించిందో అడిగే ధైర్యం లేక, ఇచ్చిన నల్ల లేపనం తెచ్చుకొని మర్నాడు లైన్లో రాసుకున్నాను. రాసుకున్న క్షణంలో అర్థమైంది, ఒక్క పూటలో మాయమయ్యేది రోగం కాదు, రోగి అని. సీటు మీద నుంచి ఎగిరి చెరకు తోటలోకి ఉరికాను. తిరిగొచ్చేసరికి లైన్ సగం నన్ను దాటిపోయింది. ముందు దాటినవాడు జర్దా అన్నే.

"ఏమన్నా, నువ్వుగూడనా?"

"లైన్ లైనే తమ్మీ. దోస్తీ దోస్తే."

చెరకు ఎండింది, తూకం పడిపోయింది. బాబుగారు కోస్తాకు పోయారు. "ఏరా అబ్బాయ్, ట్రాక్టర్ తోలమంటే తోటల్లో తిరుగుతున్నావంట? ఇంకోసారి సీటు మీద లేవని తెలిస్తే ఆ సీటు ఇంకోడిది, చెప్తున్నా!"

ఆ భయమే నన్ను సర్కారు దవాఖానాకు పంపింది. అక్కడ డాక్టర్ మేడమ్ అనగానే వెనక్కి తిరిగాను గానీ, కూర్చోలేనివాడు ఎంత దూరం పోతాడు?

"ఏం పని చేస్తవ్?" అంది.

"కూసునే పని మేడమ్. ఇప్పుడైతే నిలవడి చేస్తున్న."

మేడమ్ నవ్వలేదు. తెర లాగి, చూడవలసిన చోటే చూసింది. రెండు నిమిషాలు. నెల రోజులుగా నాడి, మొఖం, ఇంజన్, అన్నీ చూసినవాళ్ల మీద నాకు ఒళ్లు మండింది.

"ఇవి మొలలు కావు. గట్టిగ పోయి పోయి చర్మం చీలింది. మొలలైతే ఎక్కువసార్లు నొప్పి లేకుండనే రక్తం పడుతుంది. నీకు కోసినట్టు నొప్పి, తర్వాత మంట. అవునా?"

"అచ్చం గట్లనే మేడమ్."

"ఆ నల్లమందు పారెయ్. గోరువెచ్చని నీళ్లు టబ్బుల పోసి రోజు కొద్దిసేపు కూసో. నేను రాసిన మందు పెట్టుకో, పొడి నీళ్లల్ల కలుపుకొని తాగు. ఆకుకూరలు, జొన్నరొట్టె, పండ్లు తిను. నీళ్లు బాగ తాగు. పోయేటప్పుడు ముక్కకు. వచ్చినప్పుడు ఆపకు. చాలామందికి ఇంతతోనే మానుతుంది. మానకుంటే మళ్ల రా."

"ఆపకుంటే లైన్ పోతది మేడమ్."

"ఆపితే ఇదే వస్తది. ఇంకోటి ఇను. రక్తం పడ్డోళ్లంత మొలలే అనుకొని ఊకుంటరు. వయసు మీదపడ్డోళ్లు, బరువు తగ్గేటోళ్లు, నల్లగ పోయేటోళ్లు తప్పక చూపించుకోవాలె. చెప్పు మీవాళ్లకు."

టబ్బూ మందూ అవ్వ చూసుకుంటుంది గానీ, 'ఆపకు' అన్న మందే లైన్లో ఎట్లా వేసుకోవాలో తెలియలేదు. తాగితే దిగాలి, దిగితే సీటు పోవాలి. కోపం మళ్లీ మొదలైంది. ఇంటికొస్తూ బస్సెక్కినప్పుడు, కిటికీలోంచి ఎవరో తువ్వాల విసిరి సీటు ఆపుకున్నారు. అంత రద్దీలో ఒక్కడూ దాన్ని ముట్టలేదు. నాకు అక్కడే బుర్రలో స్టార్టర్ పడింది.

మర్నాడు లైన్లో బానెట్ మీద నిలబడి (నిలబడటం నా విద్య అని చెప్పాను కదా) కేకేశాను. "అన్నలారా, బస్సుల తువ్వాలేస్తే సీటు మనదే. లైన్ల ఎందుకు గాదు? తువ్వాలున్న బండిని దాటొద్దు. ఎనకోడే ఎక్కి ముంగటికి జరుపాలె!"

"బస్సు ఏరు, లైన్ ఏరు" అన్నాడు జర్దా అన్న.

"ఏం ఏరే? బస్సుల కూసునేది ముడ్డే, ఈడ కూసునేది ముడ్డే! నాకు చీలింది. చెప్తున్న, అందరు వినుండ్రి. నీళ్లు తాగక, ఆపుకొని ఆపుకొని చీలింది. నవ్వుతరా, నవ్వుండ్రి!"

నవ్వారు. చాలాసేపు నవ్వారు. తర్వాత నవ్వు ఒక్కొక్క బండి దగ్గరా ఆగిపోతూ వచ్చింది. బాల్కొండ వైపు ముసలి డ్రైవర్ ఒకాయన తల దించుకొని, "నాకు రెండేండ్ల సంది రక్తం పడుతున్నది బిడ్డా" అన్నాడు. తర్వాత ఇంకొకరు. తర్వాత జర్దా అన్న జర్దా ఉమ్మేసి, "నాకు సుత" అన్నాడు. అంటే ఆ లైన్లో సగం మంది మంట మీద కూర్చొని, పక్కవాడి మంటకు నవ్వుతున్నారన్నమాట! నాకు నవ్వాలో, రాళ్లు విసరాలో తెలియలేదు. ఆ ముసలాయన్ని మాత్రం నేనే దవాఖానాకు తీసుకుపోయాను. లోపల గొట్టం వేసి చూసి, మొలలేనని చెప్పి, వాటికి రబ్బరు రింగు వేసి పంపారు. జర్దా అన్న మాత్రం ఆ గోడ రాతల వైద్యుణ్ణే నమ్ముకున్నాడు చాలా రోజులు.

లైన్లో తువ్వాల ధర్మం అమలైన వారానికే బాబుగారు లైన్లోకి వచ్చారు. సీటు మీద నేను లేను, తువ్వాల ఉంది. "డ్రైవరేడ్రా?" అన్న కేక తోటలో ఉన్న నాకు వినిపించి, పని సగంలో ఆపబోయి, మేడమ్ మాట గుర్తొచ్చి ఆపలేదు. ఇక బస్తాలే అనుకుంటూ వచ్చేసరికి, జర్దా అన్న మా బండిని ముందుకు జరిపి దిగుతున్నాడు.

"తువ్వాలున్నది గద బాబుగారు. లైన్ యాడికి పోతది?"

బాబుగారు తువ్వాలను చూశారు, ముందుకు జరిగిన బండిని చూశారు, నన్ను పక్కకు పిలిచారు. గొంతు బాగా తగ్గించి, "అబ్బాయ్, ఆ డాక్టరమ్మ ఏయే రోజుల్లో ఉంటుందిరా?" అన్నారు.

సీటు నాకే మిగిలింది. ఇప్పుడు నాకు నా సొంత ట్రాక్టర్, పక్కన మూడు లీటర్ల నీళ్ల డబ్బా. అప్పుడు సిగ్గుతో చచ్చినవాణ్ణి, ఇప్పుడు ఎవరు దొరికినా వదలను. మొన్న ధర్పల్లిలో మావాళ్ల పెళ్లిలో, బఫేలో నిలబడి తింటున్న ఒక పిల్లగాడికి చీలికకూ మొలలకూ తేడా వివరంగా చెబుతున్నాను. పాపం, వాడు నిజంగా బఫే అనే నిలబడ్డాడు. పక్కన కుర్చీలో బోటీకూర కలుపుకుంటున్న అవ్వ చెయ్యి ఆపి నావైపు చూసింది.

"తువ్వాలేస్తె ఎవ్వడు దాటడంటివి గద బిడ్డా. జర నీ నోటి మీద ఏసుకో. మేం బువ్వ తిన్నదాక."