సరిహద్దు దాటని కరివేపాకు

"సారీ లవ్, ఈ మొక్క ఇటు రావడానికి వీల్లేదు," అంటూ నెరిసిన గడ్డం ఆఫీసరు కారు కిటికీలోంచి చెయ్యి చాపాడు. ఇక్కడ ముక్కూమొహం తెలియనివాళ్లని కూడా లవ్ అనే పిలుస్తారు. నేను ఒళ్లోని కుండీని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

మూడు రోజులుగా అది నా ఒళ్లోనే ఉంది. మెల్‌బోర్న్‌లో మా ఆయన వైటూకే కంప్యూటర్ కాంట్రాక్టు అయిపోయింది, పెర్త్‌లో ఉద్యోగం దొరికింది. సామాను ఎక్కువని కారులోనే బయల్దేరాం. తెల్లవారుజామున అయిదింటికి మేముండే పేట క్లేటన్ వదిలాం. ఆ రాత్రి అడిలైడ్‌లో, మర్నాటి రాత్రి సెడూనాలో పడక. మూడోరోజు పొద్దున్న ఏడింటికి నల్లర్‌బోర్ మైదానం మొదలైంది. నీడకి ఒక్క చెట్టు లేదు. ఒంటెలున్నాయి జాగ్రత్త అని బోర్డులున్నాయి గానీ ఒంటె ఒక్కటీ కనపడలేదు. మీరెప్పుడైనా వెళ్తే, బంకు కనపడిన ప్రతిచోటా ట్యాంకు నింపుకోండి. నీళ్లు కారులోనే మోసుకెళ్లండి. నా వాటా నీళ్లలో సగం నేను కరివేపాకు మొక్కకే పోశాను.

పొయ్యనా మరి! క్లేటన్‌లో రాజ్యం ఆంటీ ఇచ్చిన గింజ అది. మూడు చలికాలాలు హీటరు పక్కన పెట్టి పెంచాను.

సాయంత్రం నాలుగింటికి పశ్చిమ ఆస్ట్రేలియా సరిహద్దు చెక్‌పోస్టు. పురుగూ తెగులూ వస్తాయని పళ్లు, కూరలు, మొక్కలు, మట్టి ఏవీ అటు దాటకూడదట. మా అరటిపళ్లు వాళ్ల చెత్తడబ్బాలో పడ్డాయి.

"అమ్మా, ఇట్స్ జస్ట్ ఎ ప్లాంట్," అంది వెనక సీట్లోంచి మా ఆరేళ్ల చిన్ని.

"నువ్వు నోర్ముయ్. ఏమండీ, మీరు ఆయనకి చెప్పండి!"

మా ఆయన స్టీరింగు వంక చూస్తూ, "రూలు సుజాతా. బ్రోచర్లో ఉంది," అన్నారు.

"ఏ బ్రోచర్లో?"

"క్లేటన్‌లోనే తెచ్చా. చెప్తే ఏడుస్తావని..."

నాకు ఒళ్లు మండిపోయింది. ముందే చెప్తే మొక్కని ఆంటీ దగ్గరే వదిలి వచ్చేదాన్ని కదా! రెండు వేల కిలోమీటర్లు నేను దాన్ని పసిపిల్లలా మోస్తుంటే ఈయన పక్కనే కూర్చుని పాటలు విన్నారు!

"నాకెందుకు చూపించలేదు?"

"అంతా ఇంగ్లీషే. నీకేం అర్థమవుతుందిలే."

పదో తరగతి దాకా చదివాను. కూడబలుక్కుని అయినా చదువుకునేదాన్ని. ఆఫీసరు వైపు తిరిగి, "కుక్డ్, ఓకే?" అని అడిగాను.

"కుక్డ్ ఓకే," అన్నాడు. మొక్కతో సహా కారు వెనక్కి తిప్పుకుని వచ్చిన వైపుకే వెళ్లినా అభ్యంతరం లేదన్నాడు.

తిప్పించాను. సరిహద్దుకి ఇవతలే, బంకూ హోటలూ కలిసి ఉన్న రోడ్‌హౌస్‌లో గది తీసుకున్నాం. గది వెనక గట్టు మీద గ్యాసు స్టవ్వు పెట్టి, కొన చిగుళ్లు మాత్రం వదిలి, ఆకంతా దూశాను. నూనెలో వేయించి, తెచ్చుకున్న కందిపొడిలో నలిపి కలిపాను. ఘుమఘుమలకి ఒక లారీ డ్రైవరు వచ్చి నిలబడ్డాడు.

"ఇది కూడా లాగేసుకుంటారా వాళ్లు?" అన్నాడు.

"లాక్కోమను చూద్దాం!" అన్నాను తెలుగులో. అర్థమైనట్టే నవ్వాడు. మా ఆయన అన్నంలోకి రెండోసారి పొడి అడిగి వేసుకున్నారు, సిగ్గు లేకుండా.

కుండీని రోడ్‌హౌస్ వంటావిడ చేతిలో పెట్టాను. చలేస్తే లోపల పెట్టమని చేతుల్తో చూపించాను. తల ఊపింది.

ఇప్పుడెవరైనా ఆ దారి ఎలా ఉంటుందని అడిగితే, మైదానమూ మంచిదే, మనుషులూ మంచివాళ్లే, పక్క సీట్లో ఎవరున్నారో చూసుకోండి అంటాను.

మర్నాడు పొద్దున్న, సరిహద్దు అవతల టైము వేరు కాబట్టి, గడియారం నలభై అయిదు నిమిషాలు వెనక్కి తిప్పుకుని బయల్దేరాం. పొడి డబ్బా చూసి ఆఫీసరు వెళ్లమన్నాడు. కాస్త దూరం పోయాక మా ఆయన చొక్కా జేబులోంచి బ్రోచరు లాగి ఒళ్లో పరిచాను.

"ఇటివ్వు, నేను చెప్తాగా," అన్నారు.

ఇవ్వలేదు. మొదటి లైను మీద వేలు పెట్టి, కారంతా వినపడేలా ఒక్కో మాటే పైకి చదవడం మొదలుపెట్టాను.