అన్న గీసిన గది

మొన్న ఫ్రేము కట్టించడానికి తీసుకెళ్తే, దుకాణాయన ఆ కాగితాన్ని అటు తిప్పి ఇటు తిప్పి "బెన్, దీనికి పైవైపు ఏది?" అని, గుజరాతీలో అక్కా అన్నట్టు పిలిచి అడిగాడు.  నల్ల ఇంకుతో మా అన్న గీసిన తన పనిగది బొమ్మ అది. బల్ల పైనుంచి చూసినట్టు, కుర్చీ పక్కనుంచి చూసినట్టు, దీపం గోడలోంచి మొలిచినట్టు ఉంటుంది. కొత్తరకం చిత్రకళ అని మెచ్చుకునేవాళ్లున్నారు. నాకు మాత్రం దాన్ని చూస్తే ఇప్పటికీ భయమే.

అన్న, మా తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే లింబాయత్ పేటలో, చీరల ప్రింటుకు డిజైన్లు గీసేవాడు. పువ్వులూ మామిడిపిందెలూ తప్ప వేరే బొమ్మ గీసి ఎరగడు. ఇంటిపైన ఒక్క గది, అందులో ఇంకు సీసాలు, కుంచెలు, ఆయన సగం తాగి మరిచిన చాయ్ గ్లాసులు. ఆ గ్లాసులు ఏరుకొచ్చేటప్పుడు మా వదిన అనే మాటలు అచ్చులో వేయదగినవి కావు. కరోనా రెండోసారి ముంచుకొచ్చినప్పుడు అన్నకు జ్వరం తగిలింది. కింద పిల్లలున్నారని ఆ గదిలోనే చేరి లోపల గడియ వేసుకున్నాడు. ఆస్పత్రుల్లో మంచాలు లేవు. తీసుకెళ్లినవాళ్లలో తిరిగొచ్చినవాళ్లు మా గల్లీలో తక్కువ. ఫోనులో ఒక తెలుగు డాక్టరు మాత్రం గట్టిగా చెప్పాడు: "మనిషి తికమక పడుతున్నాడనిపిస్తే ఆగకండి, ఎక్కడికైనా సరే తీసుకెళ్లండి."

ఒక పొద్దున గంజి పెట్టి తలుపు తట్టాను. అన్న పలకలేదు, దగ్గు మాత్రం వినిపించింది. కాసేపటికి తలుపు కిందనుంచి ఈ కాగితం జారి వచ్చింది. వదిన అందుకుని చూసింది.

"గిదేంది, గదికి దర్వాజనే లేదు. మీ అన్నకు దిమాగ్ పనిజేస్తలేదా ఏంది?"

 నిజంగానే గోడలున్నాయి, తలుపు లేదు. కుడి కొసన సగం చెక్క, ఎడమ కొసన గొళ్లెం. ఆటో కోసం పరుగెత్తబోతూ కాగితాన్ని గొట్టంలా చుట్టాను. రెండు కొసలూ కలిశాయి. తలుపు గొళ్లెంతో సహా నిండుగా నిలబడింది.

చీర పొడవునా డిజైన్ తెగకుండా సాగాలంటే, కాగితం కుడి కొసన ఆగిన గీత ఎడమ కొసన అందుకోవాలి. ఆ పనిలో దాన్ని రిపీట్ అంటారు. వెంట్రుకవాసి తేడా వచ్చినా మిల్లువాళ్లు మొహాన కొడతారు. ఇక్కడ ఆ తేడా కూడా లేదు. తికమక పడ్డవాడు ఇలా గీయగలడా?

"దిమాగ్ మంచిగనే ఉన్నది వదినె, జర ఆగుదాం" అన్నాను. వదిన కళ్లు తుడుచుకుంది. ఆగాం. మర్నాటికి జ్వరం దిగింది.

అన్న లేచి తిరుగుతున్న రోజుల్లో ఆ బొమ్మ తీసి మెచ్చుకున్నాను. ఆయన దాన్ని చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

"గిది నేను గీసిన్నా? నాకు యాదికే లేదే. అప్పుడు నేను ఏడున్ననో గూడ ఎరుక లేదు."

చెయ్యి అలవాటు కొద్దీ గీసుకుపోయింది, మనిషి అక్కడ లేడు. ఆ బొమ్మ చూసుకుని మేం ధైర్యంగా కూర్చున్నాం. ఆ పొద్దున పడాల్సిన భయం నాకు ఆ మాటతో మొదలైంది. అన్న ఇప్పుడు శుభ్రంగా తిని తిరుగుతున్నాడు. ఆ రోజులు గడిచిపోయాయని అందరూ అంటారు. ఆ ఒక్క పొద్దున నాకింకా గడవలేదు.