మా తమ్ముడి కంపెనీ

మా తమ్ముడికి ఒక కంపెనీ ఉంది. వాడు పెట్టింది కాదు, వాడికి అందులో వాటా లేదు, వాడొకడు ఈ భూమ్మీద ఉన్నాడన్న సంగతి కూడా ఆ కంపెనీకి తెలియదు. టీవీకి తగిలించి గేములాడుకునే డబ్బాలు చేసే విదేశీ కంపెనీ అది. వాడి బైకు ట్యాంకు మీద దాని స్టిక్కరు, ఫోను వెనక దాని గుర్తు, పెనుకొండలో వాడి అద్దె గది గోడ మీద దాని పోస్టరు. పక్క కంపెనీ డబ్బా ఇంకా బాగుంటుందట కదా అని ఎవరైనా నోరు జారితే, అన్నం ముందు నుంచి లేచి మరీ వాదిస్తాడు. సినిమా హీరోల కోసం తలలు పగలగొట్టుకునేవాళ్ళను చూశాను గానీ, కరెంటుతో నడిచే డబ్బా కోసం కొట్టుకునేవాడు మా ఇంట్లోనే పుడతాడని అనుకోలేదు.

ఇన్నాళ్ళూ వాణ్ణి చూసి నవ్వుకున్నాను. ఇప్పుడు వాడి ముఖం చూస్తే ఒళ్ళు మండుతోంది. ఎందుకో చెప్తాను.

మేము ముగ్గురం. అక్క ధర్మవరంలో ఒక పట్టుచీరల ఇంటికి కోడలు. బావ మగ్గాల మీద చీరలు నేయించి అమ్ముతాడు. నాది హిందూపురం, నేనూ మా ఆయనా కళ్ళజోళ్ళ అంగడి నడుపుతాం. తమ్ముడు పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో పని చేస్తాడు. మూడూళ్ళూ ఒకే రైలు దారిలో ఉన్నాయి. పొద్దున బండెక్కితే ఎండ ముదరకముందే ఒకరింట్లో ఒకరు ఉండొచ్చు. కానీ ఎవరు ఎక్కుతారు? అంగడి మూయడానికి లేదు, ఫ్యాక్టరీలో సెలవు దొరకదు, అక్కనైతే ఆ ఇంటి గడప దాటించడానికి ఒక పెళ్ళో చావో కావాలి.

తమ్ముడు కొత్త డబ్బా కొనుక్కున్నప్పుడు పాతది అక్క ఇంట్లో ఇచ్చాడు. పిల్లల కోసమని చెప్పాడు. నేను హిందూపురంలోనే ఒకరు వాడి వదిలేసింది కొన్నాను. అట్లా మా ఆదివారాలు మొదలయ్యాయి. మధ్యాహ్నం వంటలయ్యాక ముగ్గురం చెవులకు హెడ్‌సెట్లు తగిలించుకుని ఒకే పడవలో ఎక్కి సముద్రంలో చేపలు పట్టేవాళ్ళం. మబ్బు కనిపిస్తే ఇంట్లోవాళ్ళందరినీ బయటికి పిలిచి చూపించే సీమలో పుట్టి, మేము ఆడేది చేపలాట. మా ఆయన చూసి, "బోరులో లేని నీళ్ళన్నీ టీవీలో ఉండాయి" అని నవ్వేవాడు.

నిజానికి చేపలెవరికి కావాలి? మేము మాట్లాడుకునేవాళ్ళం. అక్కకు ఫోను లేక కాదు. ఆ ఇంట్లో ఫోను మాట్లాడటమంటే సంతలో నిలబడి మాట్లాడటమే. వాళ్ళత్త పక్కనే కూర్చుని, ఎవరు, ఏమంటాండారు, ఎందుకంట అని వరసగా అడుగుతుంది. ఫోను పట్టుకుని మేడెక్కితే పుట్టింటికి చాడీలు మోస్తోందంటారు. డబ్బా ముందు కూర్చుంటే మాత్రం ఎవరూ ఏమీ అనరు. టీవీ ఉన్నది మేడ మీద, మగ్గం గది పక్కన. ఆ టకటకల్లో ఏం మాట్లాడినా కిందికి వినపడదు. కోడలికి పిల్లలతో పాటు ఆటపిచ్చి పట్టిందని వాళ్ళత్త నలుగురితో చెప్పి నవ్వేది. ఆ నవ్వు చాటున మా అక్క బతికింది. చీర అంచుల డిజైన్లన్నీ కంప్యూటరు మీద గీసేది తనేననీ, పేరు మాత్రం బావకు పోతోందనీ చెప్పింది ఆ పడవలోనే. ఒకసారి వల లాగుతూ లాగుతూ ఏడ్చింది. మేమిద్దరం చేపల్ని వదిలేసి అక్క మాట వింటూ కూర్చున్నాం.

ఒక ఆదివారం డబ్బా కలవలేదు. ఎన్నిసార్లు నొక్కినా "తర్వాత ప్రయత్నించండి" అనే మాటే వచ్చింది. కంపెనీ ఏమీ చెప్పలేదు. చాలా రోజుల తర్వాత ఒక మెయిలు పంపారు. "మీ నమ్మకమే మాకు విలువైనది" అని మొదలుపెట్టి, ఎక్కడో కింద, ఎవరూ చదవని చోట, ఎవరో దొంగలు లోపలికి వచ్చి జనాల పేర్లూ మెయిలు అడ్రసులూ పాస్‌వర్డులూ ఎత్తుకుపోయారని ఒప్పుకున్నారు. మా అంగట్లో ఒక కళ్ళజోడు ఫ్రేము వదులైతేనే ఆ మనిషి వచ్చి నలుగురి ముందూ మమ్మల్ని నిలదీస్తాడు, మేమూ తలవంచుకుని బాగుచేసిస్తాం. వీళ్ళు జనాల గుట్టంతా దొంగల చేతిలో పెట్టి, నోరు మూసుకుని కూర్చుని, చివరికి నమ్మకం గురించి మాకే చెప్తున్నారు.

ఇక్కడ మా ఇంటి అలవాటొకటి చెప్పాలి. మా నాయన గొర్రెలు మేపేవాడు. మా ఇంటికి ఒకటే తాళం, దాని చెవి వాకిలి పక్క గూట్లో ఉండేది, అది ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరి తాళం వాళ్ళు దాచుకోవడం మాకు రాదు. ఫోన్లు, మెయిళ్ళు వచ్చాక కూడా అదే పద్ధతి నడిచింది. మా నాయన ముద్దుగా పెంచిన పొట్టేలు పేరు, పక్కన మా ఇంటి నంబరు. ముగ్గురికీ, అన్నిటికీ పాస్‌వర్డు ఆ ఒక్క మాటే. ఒకరు మరిచిపోతే ఇంకొకరు చెప్తారు. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే మిగతావాళ్ళు వాళ్ళ పని చూసిపెడతారు. అక్క ఇంట్లో డబ్బాకు ఖాతా తెరిచింది తమ్ముడే. బావ అంగడి మెయిలు ఇచ్చి తెరిచాడు, మాట కూడా వాడే పెట్టాడు. అంగడి మెయిలుకూ అక్క ఆ మాటే పెట్టి ఉందని వాడికి తెలుసు. "ఒకటే అయితే మరిచిపోవక్కా" అన్నాడు. నేను విన్నాను.

దొంగలు ఆ మాట పట్టుకుని నేరుగా అంగడి మెయిల్లో దూరారు. దూరి, తాళం మార్చేశారు. అక్క ఏళ్ళ తరబడి గీసిన డిజైన్లన్నీ అందులోనే ఉన్నాయి. చీరలు కొనేవాళ్ళకు బావ పేరు మీద పిచ్చి లింకులు పోయాయి. ఊళ్ళో నలుగురూ ఫోన్లు చేసి ఇదేం పనప్పా అని అడిగారు. బావకు తల కొట్టేసినట్టయింది. మా తమ్ముడి కంపెనీకి మెయిలు రాస్తే, మా దగ్గర పోయింది ఆటల ఖాతా మాత్రమే, మీ అంగడి మెయిలుతో మాకు సంబంధం లేదని మర్యాదగా జవాబిచ్చారు.

నేను ఊరుకోలేక ఆ కంపెనీ అభిమానుల తెలుగు గ్రూపులో రాశాను. మా అక్కకు ఇట్లా అయింది, మీలో ఎవరికైనా అయిందా, అందరం కలిసి అడుగుదామా అని. ఎంతమంది వచ్చి పడ్డారో! పక్క కంపెనీవాళ్ళు ఎంతిచ్చారు అని ఒకడు. ఒకే పాస్‌వర్డు పెట్టుకునేవాళ్ళకు డబ్బా ఎందుకు అని ఇంకొకడు. దొంగతనం ఎవరింట్లోనైనా జరుగుతుంది, ఇలాంటప్పుడే కంపెనీకి అండగా నిలబడాలి అని మరొకడు. అండగా! కంపెనీ ఏమైనా వానలో తడుస్తున్న ముసలమ్మా? వీళ్ళ పేర్లూ అడ్రసులూ కూడా పోయాయి. తమ జేబు కొట్టేసినా, జేబు కొట్టించినవాడి తరఫున వకాల్తా పుచ్చుకున్నారు. వాళ్ళలో మా తమ్ముడు కూడా ఉన్నాడు. నా రాతకు జవాబివ్వలేదు గానీ, అండగా నిలబడాలన్న మాట కింద మెచ్చుకోలుగా బొటనవేలు గుర్తు పెట్టాడు.

బావ మమ్మల్నిద్దరినీ రమ్మన్నాడు. నేను హిందూపురంలో బండెక్కాను, తమ్ముడు పెనుకొండలో ఎక్కాడు. దారి పొడుగునా వాడికి ఒకటే చెప్పాను. "రేయ్, ఆడ ఏం అడిగినా తప్పు కంపెనీదని చెప్పు. అంతే. ఇంకొక మాట మాట్లాడొద్దు." సరేనన్నట్టు తల ఊపాడు.

అక్క కాఫీలు ఇచ్చి వంటింటి గుమ్మంలో నిలబడింది. వాళ్ళత్త మంచం మీద కూర్చుంది. బావ మంచివాడే, కానీ ఆ రోజు ముఖం ముడుచుకుని ఉన్నాడు. "ఏమప్పా, డబ్బా ఇచ్చినోడివి నువ్వు. నువ్వే చెప్పు. మా మెయిలు యాడి నుంచి పోయింది? తప్పు ఎవరిది?" అని తమ్ముణ్ణి అడిగాడు.

ఆ ఇంట్లో ఆ పూట తేలాల్సింది అదొక్కటే. తప్పు కంపెనీదైతే ఎక్కడో ఉన్న దొరల్ని తిట్టుకుని ఊరుకుంటారు. కాకపోతే అది మా అక్క నెత్తిన పడుతుంది, ఆ డబ్బా ఇంట్లో నుంచి పోతుంది. ఇది నాకు తెలుసు. గుమ్మంలో నిలబడిన అక్కకు తెలుసు. బండిలో తల ఊపినవాడికీ తెలుసు.

మొదట సరిగ్గానే మొదలుపెట్టాడు. "దొంగలు కంపెనీలో పడినారు బావా" అన్నాడు. వాళ్ళత్త వెంటనే, "అట్లాంటి పనికిమాలిన కంపెనీది మా ఇంటికి ఎందుకు తెచ్చినావబ్బా? దొంగలకు తలుపు తీసే కంపెనీనా అది?" అంది.

అంతే. వాడి ముఖం ఎర్రబడింది. వాణ్ణి తిట్టినా అంత పట్టేది కాదేమో. "అట్లనొద్దత్తా. అది చిన్నా చితకా కంపెనీ కాదు. వాళ్ళ తప్పేం లేదు. అన్నిటికీ ఒకే పాస్‌వర్డు పెట్టుకోవద్దని వాళ్ళు ముందు నుంచీ చెప్తానే ఉండారు. మనోళ్ళు వినకపోతే వాళ్ళేం చేస్తారు?" అన్నాడు.

వాళ్ళత్త అక్క వైపు తిరిగింది. "విన్నావా? మీ తమ్ముడే చెప్తాండాడు."

నేను అరిచాను. "ఆ మాట పెట్టింది వాడే అత్తా! వాడే పెట్టి, ఒకటే అయితే మరిచిపోవని వాడే చెప్పినాడు!" అన్నాను. ఎవరూ వినిపించుకోలేదు. అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు వెనకేసుకొస్తారని లోకానికి తెలుసు. తమ్ముడు అక్కకు ఎదురు చెప్పాడంటే మాత్రం అది నిజమే అయ్యుంటుందని అనుకుంటారు. బావ అక్కతో, "పైకి పోయి అది ఊడదీసుకొనిరా" అన్నాడు.

అక్క మేడ మీద నుంచి డబ్బా తెచ్చింది. వైర్లు ఒక్కొక్కటిగా చుట్టి, చివరికి హెడ్‌సెట్టు కూడా పైన పెట్టింది. మా తమ్ముడు ఏం చేశాడో తెలుసా? దానికి గీతలు పడకుండా తన తువ్వాలు తీసి చుట్టాడు. చుట్టి, పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఒళ్ళో పెట్టుకున్నాడు. అక్క వాణ్ణే చూస్తోంది. వాడు డబ్బానే చూస్తున్నాడు.

తిరుగు బండిలో వాణ్ణి కడిగేశాను. ఎదురుగా కూర్చున్నవాళ్ళు లేచి వేరే చోటికి పోయారు. నీకు అక్క ఎవరు, కంపెనీ ఎవరు అని అడిగాను. వాడికి నిజంగానే అర్థం కాలేదు. "ఉన్న మాటే కదా చెప్పింది" అన్నాడు. నన్ను సముదాయించాలనుకున్నాడేమో, "కంపెనీవాళ్ళు క్షమించమని రెండు గేములు ఫ్రీగా ఇచ్చినారక్కా. నీకూ వచ్చింటాయి చూడు" అన్నాడు.

"పెద్దక్కకేం వచ్చిందిరా?"

"ఆమెకూ వచ్చింటాయి. ఖాతా ఉండాది కదా."

పెనుకొండలో వాడు తువ్వాలు మూట చంకన పెట్టుకుని దిగిపోయాడు. వాడికి కోపం రావడం లేదు, వాళ్ళెవరికీ కోపం రావడం లేదు, అందుకే ఆ కంపెనీకి భయం లేదు. నా కోపమంతా ఇదే. పాలవాడు నీళ్ళు కలిపితే వాణ్ణి మాన్పించేస్తాం. గ్యాసు బండ ఆలస్యమైతే ఆఫీసు ముందుకు పోయి గొడవ చేస్తాం. ఈ డబ్బావాళ్ళను మాత్రం పల్లెత్తు మాట అనం. ఎందుకంటే మన ఆదివారాలు వాళ్ళ చేతిలో ఉన్నాయి. మానేద్దామంటే మనుషులు అక్కడే ఉన్నారు. ఆ సంగతి వాళ్ళకు బాగా తెలుసు. తెలిసే రెండు ఆటలు విదిల్చి, నమ్మకానికి కృతజ్ఞతలు అని రాస్తారు. వీడు దాన్ని అభిమానం అంటాడు. నేనైతే బానిసత్వం అంటాను.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం నేను డబ్బా పెట్టలేదు. అక్కకు ఫోను చేశాను. మొదటి రింగుకే ఎత్తింది. బాగుండావా అంటే బాగుండా అంది. పిల్లలు బాగుండారు, మీ బావ బాగుండాడు, నువ్వు బాగుండావా అని అడిగింది. వెనక నుంచి వాళ్ళత్త గొంతు, "ఎవరు?" అని. "చెల్లెలత్తా" అంది అక్క. ఇక ఆగలేక, గొంతు తగ్గించి, "ఏడుస్తాండావా అక్కా?" అని అడిగాను.

"ఆ, అత్తమ్మకు దగ్గు తగ్గింది. మాత్రలు వేసుకుంటాండాది" అంది మా అక్క, ఆ గదిలో అందరికీ వినపడేట్టు.