చాప ఎత్తిన మోయెలాంగి

శనివారం వచ్చిందంటే మా వీధి మలుపులో ఎవడో ఒకడి మూతి పగలాల్సిందే. దక్షిణ ఆక్లాండ్‌లో మందు షాపు లేని పేట లేదు, కాదనను. కానీ గ్రాంట్ గాడి షాపు వేరు. బడికీ చర్చికీ మధ్యలో దిగబడి, తూలుతూ వచ్చినవాడికి కూడా ఇంకో సీసా చేతిలో పెట్టి పంపే షాపు అది. దాని ముందు పళ్లు రాలాయి, దవడలు విరిగాయి, ఒకసారి ఒకడి చెవి సగం తెగి వేలాడింది. ఆదివారం పొద్దున్నే నేను గాజుపెంకులు ఊడుస్తుంటే గ్రాంట్ కారు దిగి, "గుడ్ మార్నింగ్" అంటూ పళ్లికిలించేవాడు. ఆ చీపురు తిరగేసి వాడి మొహాన కొట్టాలని ఎన్నిసార్లు అనిపించిందో!

మోయెలాంగి మా పక్కింటావిడ. ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఉతికే పని. నాలా నోరున్న మనిషి కాదు. ఆమె మొగుడు ఇయోసెఫో బస్సు డ్రైవరు. చర్చి పాటల్లో మంద్ర స్వరం అతనిదే, అతను అందుకుంటే మేం కూర్చున్న బల్లలు అదిరేవి. సమోవా నుంచి వచ్చిన మా వాళ్లలో అలాంటి గొంతు ఇంకొకటి నేను వినలేదు.

ఆ శనివారం సాయంత్రం ఇద్దరూ వేపిన చేపలు పొట్లం కట్టించుకుని షాపు ముందునుంచి ఇంటికి వస్తున్నారు. లోపల ఫెరేటీ ఉన్నాడు. వెనక వీధివాడు, వాడూ మా సమోవా వాడే, ఇళ్లకు కప్పులు వేసే పని చేస్తాడు. అప్పటికే ఒళ్లు తెలియకుండా తాగాడు. కౌంటరు ముందు కూలబడితే అమ్మేవాడు డారెన్ చంకల కింద చేతులు పెట్టి లేపి, సీసా చేతికిచ్చి, తలుపు అవతలికి తోశాడు. అద్దంలోంచి మోయెలాంగి అంతా చూసింది. బయటపడ్డ ఫెరేటీ ఎదుటి మనిషిని ఎవరనుకున్నాడో ఏమో, ఆ సీసాతోనే ఇయోసెఫో నెత్తి మీద కొట్టాడు. పడిపోయినా ఆగలేదు. మోయెలాంగి మొగుడి మీద అడ్డంగా పడుకుంటే, పగిలిన సీసా ఆమె చేతిని మోచేతి నుంచి మణికట్టు దాకా చీల్చింది. నేను పరిగెత్తుకుంటూ వెళ్లేసరికి నెత్తురులో చేపముక్కలు తేలుతున్నాయి.

ఇయోసెఫో బతికాడు. కుడి పక్కంతా పడిపోయింది, మాట పోయింది, ఆ గొంతూ పోయింది.

సరిగ్గా అప్పుడే షాపు లైసెన్సు గడువు తీరింది. మళ్లీ ఇవ్వాలో వద్దో తేల్చేది కౌన్సిల్ లైసెన్సు కమిటీ. షాపు అద్దానికి నోటీసు అంటిస్తారు. అభ్యంతరం ఉన్నవాళ్లు రాసి పంపి, తర్వాత కమిటీ ముందు కూర్చుని నోటితో చెప్పాలి. మేమిద్దరం పంపాం. చూసిందంతా అక్కడే చెబుతానని రాయించింది మోయెలాంగి. వీధిలో గొడవలు, పిల్లలు నడవలేకపోతున్నారు అనే మాటలు కమిటీ రోజూ వినేవే. ఒళ్లు తెలియనివాడికి మందు అమ్మాడని కళ్లారా చూసిన మనిషి చెబితే మాత్రం షాపు మూతపడుతుంది, అలా అమ్మడం చట్టం ఒప్పని తప్పు. షాపు కెమెరా ఆ రోజు పనిచేయలేదట, వాడి మొహం! ఇక మిగిలింది మోయెలాంగి నోరొక్కటే. ఆమె చెప్పకపోతే వచ్చే శనివారం ఇంకొకడి తల.

కమిటీ రేపనగా తెల్లవారకముందే కుక్కలు మొరిగాయి. లేచి చూద్దును కదా, మోయెలాంగి వాకిట్లో తడిగడ్డి మీద ఫెరేటీ ఇంటిల్లిపాదీ తలలు వంచి కూర్చున్నారు. అందరికంటే ముందు మోకాళ్ల మీద ఫెరేటీ, తల మీదనుంచి ఒళ్లంతా కప్పి సన్నటి నారతో అల్లిన చాప. బెయిలు మీదున్నవాడు ఆ గడప ఛాయలకు రాకూడదు, అయినా వచ్చాడు. ఏళ్ల తరబడి అల్లే చాప అది. మా సమోవా ఆచారంలో, తప్పు చేసినవాడు దాని కింద కూర్చుంటే ప్రాణం ఆ ఇంటివాళ్ల చేతిలో పెట్టినట్టే. నరికితే నరకవచ్చు. చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తాక ఆ ఇంటివాళ్లు జరిగినదాన్ని ఎవరి ముందూ నోటితో అనరు.

ఇయోసెఫో తమ్ముడు సావెలియో కొబ్బరికాయలు కొట్టే పొడుగు కత్తి పట్టుకుని బయటికి దూకాడు.

"లేవరా కుక్కా! మా అన్నని జీవచ్ఛవం చేసి, ఇప్పుడు చాప కప్పుకుని వచ్చావా? నీ తలకాయ తీసి ఆ గ్రాంట్ గాడి అద్దంలో పెడతా!"

ఫెరేటీ కదల్లేదు. వాడి తల్లి నోట్లో గుడ్డ కుక్కుకుంది గానీ అడ్డం రాలేదు, రాకూడదు. కత్తి ఒకసారి దిగి గడ్డిలో పాతుకుంది. పీకి మళ్లీ వేశాడు. ఈసారి చాప అంచు తెగింది, కింద భుజం తెగింది. నెత్తురు నారలోకి ఇంకుతూ పాకింది.

"చాలు సావెలియో," అంది మోయెలాంగి.

"నువ్వు లోపలికి పో వదినా!"

"ఒక్కసారి వెనక్కి చూడు. మీ అన్న."

గడపలో చక్రాల కుర్చీలో ఇయోసెఫో. ఎడమ చెయ్యి వద్దు వద్దన్నట్టు ఊపుతున్నాడు, కళ్లనిండా నీళ్లు. సావెలియో కత్తి పారేసి గోడకేసి పిడికిలి గుద్దుకున్నాడు. మోయెలాంగి వంగి రెండు చేతులతో చాప ఎత్తింది.

నాకు ఒళ్లు మండిపోయింది. కంచె మీదనుంచే అరిచాను. "పిచ్చిదానా! రేపే కదే కమిటీ! ఒక్కరోజు ఆగితే ఏం కొంప మునిగింది?"

"ఒక్కరోజంతా వాణ్ని ఆ కత్తి కింద కూర్చోబెట్టమంటావా అక్కా?" అంది, ఫెరేటీ భుజానికి గుడ్డ కడుతూ.

మర్నాడు లైబ్రరీ పక్క హాల్లో కమిటీ కూర్చుంది. వాకిట్లో జరిగింది పేటంతా పాకింది, గ్రాంట్ లాయరు చెవినా పడింది. వాడి మొహం చూస్తేనే తెలిసిపోతోంది. నా వంతు వస్తే నేను అరిచాను, అధ్యక్షురాలు నన్ను కూర్చోమంది. తర్వాత మోయెలాంగిని పిలిచారు.

"ఆ రోజు షాపులో ఏం చూశారమ్మా?" అడిగింది అధ్యక్షురాలు.

"చెప్పలేనండి."

"చూడలేదా?"

"చెప్పలేనండి. మా ఇంట్లో ఆ మాట అయిపోయింది."

లాయరు నవ్వు ఆపుకుంటూ లేచాడు. "అంటే ఈవిడకి ఫిర్యాదేమీ లేదండీ. అలాగే రాసుకోమని మనవి."

మోయెలాంగి చీరుకుపోయిన చేతిని ఒళ్లో దాచుకుంది. పెదవి కొరుక్కుంటే నెత్తురు చిమ్మింది. ఆ క్షణాన ఆ చాపని తగలబెట్టాలనిపించింది నాకు.

వెనకాల కుర్చీ దబ్బున పడింది. ఫెరేటీ లేచి నిలబడ్డాడు.

"నేను చెప్తానండి."

"ఇతను అభ్యంతరం పెట్టినవాడు కాదు!" అని లాయరు ఎగిరాడు.

"నా సాక్షి," అంది మోయెలాంగి. అప్పుడు ఆమె గొంతు హాలంతా వినిపించింది.

అధ్యక్షురాలు ఫెరేటీ వైపు చూసింది. "నీ మీద కేసు నడుస్తోంది. ఇక్కడ అన్నమాట అక్కడికి పోతుంది, తెలుసా?"

"తెలుసండి. ఏమీ గుర్తులేదంటే శిక్ష తగ్గుతుందని మా వాళ్లందరూ చెప్పారు. నాకు అన్నీ గుర్తే. నేను కౌంటరు దగ్గర పడిపోతే ఈ డారెనే లేపాడు. కింద పడ్డ నా కార్డు తీసి మెషిన్ మీద పెట్టిందీ వాడే. 'పో, బయట చావు' అని సీసా చేతికిచ్చి తోశాడు. దాంతోనే ఆయన్ని కొట్టాను. పడ్డాక కూడా కొట్టాను. ఈ అమ్మ అడ్డం పడితే ఈ అమ్మనీ కోశాను." వాడు మోయెలాంగి వైపు తిరిగాడు. "ఈ అమ్మ నోరు కట్టింది మా చాప. కాబట్టి ఆ మాట నేనే చెప్పాలి."

లాయరు పక్కన కూర్చున్న డారెన్ బల్ల దూకొచ్చి వాడి మొహం మీద గుద్దాడు. ఫెరేటీ చేతులు కిందికే ఉంచాడు. ఇంకో దెబ్బ భుజం మీది కోత మీద పడి కట్టు ఎర్రబడింది. మూడోది తగిలింది సావెలియోకి, ఎప్పుడు మధ్యలోకి వచ్చాడో తెలీదు. ముక్కు పటుక్కున విరిగిన చప్పుడు నేను విన్నాను.

"కొట్టరా, నన్ను కొట్టు!" అన్నాడు సావెలియో, నెత్తురు మింగుతూ. "వీడి మీద చెయ్యేశావో చంపేస్తా. వీడు మా ఇంటివాడు."

లైసెన్సు ఇవ్వలేదు. ఫెరేటీ మాటలు కోర్టుకూ పోయాయి. తక్కువలో బయటపడాల్సినవాడు ఏళ్లకు ఏళ్లు జైలుకు పోయాడు.

గ్రాంట్ షట్టర్ ఆఖరిసారి దించిన రోజున సంబరంగా మోయెలాంగి ఇంట్లోకి పరిగెత్తాను. "చూశావటే! ఆ ఫెరేటీ గనక ఆ రోజు..."

"అక్కా," అందామె. అంతే. ఆ ఇంట్లో ఆ మాట అనకూడదని అప్పుడు గుర్తొచ్చింది నాకు.

ఒళ్లో చాప పెట్టుకుని తెగిన అంచు కుడుతోంది. ఇయోసెఫో ఎడమ చేత్తో రెండో కొస జారకుండా పట్టుకున్నాడు. నెత్తుటి మరకలు పోగొట్టడం ఆమెకు రోజూ పనే, లాండ్రీలో ఎన్ని దుప్పట్లు తెల్లగా చేసిందో. ఈ మరక మాత్రం ఉతకలేదు.

"వాడు వచ్చాక వాడి పెళ్లికి ఇది పరవాలి," అంది దారం కొరుకుతూ.

నాకు ఏడుపు ఆగలేదు. వెళ్లి ఇయోసెఫో పక్కన కూర్చుని, నేనూ ఆ కొస పట్టుకున్నాను.