ఆకురాయి పెట్టిన సగం పతకం

"పాప నిద్రలో ఊపిరి ఆపేస్తే?"

నా నోట ఆ మాట వినగానే ఓర్సొల పిన్ని ఆకురాయి పక్కన పెట్టి నవ్వింది. "నువ్వు ఊపిర్లు లెక్కపెడుతూ కూచుంటే ఆగకుండా ఉంటుందా? అంత చదువు చదివింది ఇందుకేనా నాయనా?"

రోములో ఆవిడ పనిచేసే కొలిమికి పైవాటాలో మేం, నెలల వయసున్న మా పాపతో, అద్దెకుంటున్నాం. నేను గణితం చెబుతాను. ఆవిడ ఇసుక అచ్చుల్లో పోసిన కంచు పతకాల అంచులు నున్నగా రాస్తుంది. ఒకవైపు పోపుగారి ముఖం, మరోవైపు బాలయేసును ఎత్తుకున్న మరియమ్మ. ముప్పై ఏళ్లుగా అదే పని.

ఇరవై ఏళ్ల క్రితం, రోము యాత్రికులతో నిండే పవిత్ర సంవత్సరంలో, పిన్ని సాకే దారిలేక తన ఆడబిడ్డను అనాథాశ్రమం గోడలో, బయటినుంచి తిప్పితే బిడ్డను లోపలికి చేర్చే తిరుగుడు తొట్టెలో వదిలి వచ్చింది. అక్కడ బిడ్డల్ని వదిలే తల్లులందరిలాగే, ఎప్పటికైనా గుర్తుపట్టే ఆనవాలుగా ఒక పతకాన్ని రెండు ముక్కలు చేసింది. మరియమ్మ ఉన్న సగం తను ఉంచుకుని, బాలయేసు సగం బిడ్డ మెడలో కట్టింది. మరియమ్మ చేయి మాత్రం ఆ పసివాడి వీపు కింద, అటు సగంతోనే వెళ్లిపోయింది.

జోడు తప్ప మరొకటి అతకకూడదని ఆ పతకాలను వంకరగా కోస్తారు. పిన్ని చేయి ఊరుకోలేదు. తిన్నగా కోసి, అంచులకు ఆకురాయి పెట్టింది. ఆ ఏడాది పేటలో మరో నలుగురు తల్లులు అదే పతకాన్ని ఆవిడ చేతే కోయించుకున్నారు. పని బాగుండాలని అన్నీ అలాగే చేసిచ్చింది.

మొన్న వసంతంలో లివియా అనే చాకలి పిల్ల బాలయేసు సగంతో వచ్చింది. రెండు ముక్కలూ వెంట్రుక దూరనంతగా అతికాయి. పిన్ని ఆ పిల్లను పట్టుకుని ఏడ్చింది. ఆ నలుగురి ముక్కలూ ఇలాగే అతుకుతాయని గుర్తొచ్చి ఉన్నట్టుండి ఆగిపోయింది.

నేను ముక్కలను తూచాను. "పిన్నీ, కలిపితే, అరిగిన పొడి పోను, నిండు పతకం బరువే!"

"ఆ అచ్చులోవన్నీ అంతే తూగుతాయిరా పిచ్చివాడా."

"అమ్మా, నేనేనా?" అంది లివియా.

"తెలీదే తల్లీ. కూర్చో, చిక్కుళ్ల చారు చల్లారిపోతోంది."

అప్పటినుంచి ప్రతి ఆదివారం పూజ అయ్యాక లివియా వస్తోంది. పిన్ని గిన్నె నింపుతూ ఆ పిల్ల ముక్కూ, చెవులూ, వేళ్లూ చూస్తుంది. పోల్చుకోవడానికి ఆవిడ దగ్గర ఏమీ లేదు.

నేనిప్పుడు రోజూ పొద్దున పాపను కిటికీ దగ్గరికి తీసుకెళ్తున్నాను. పిన్ని చెప్పింది: "ఆ రోజు అంచు నున్నగా వచ్చిందా లేదా అని పతకం వంకే చూశాను. బిడ్డ చెవులు ఎలా ఉన్నాయో చూళ్లేదు. నువ్వు చూడు. వెలుతురులో పెట్టుకుని, తీరిగ్గా చూడు."