సల్మక్క శనివారం షిఫ్ట్

నిన్న పొద్దున బ్రిస్బేన్ దగ్గరి టూవూంబా నుంచి ఫోన్. సల్మక్క పోయిందన్నారు. గుండెపోటు.

ఏ వార్తనైనా రెండో చోట సరిచూసుకోవడం రిపోర్టర్‌గా నా అలవాటు. వాళ్లబ్బాయికి ఫోన్ చేశాను.

"యా అంకుల్, ఇట్స్ ట్రూ" అన్నాడు.

మూడో చోట కూడా అడగాలనిపించింది. అడగలేదు. కారెక్కాను.

మా పరిచయం వై2కె రోజుల నాటిది, 2000 రాగానే కంప్యూటర్లన్నీ ఆగిపోతాయని అందరూ భయపడిన రోజులు. మనవాళ్లంతా కంప్యూటర్ కోర్సుల వెంట పడుతుంటే, గుంటూరు నుంచి వచ్చిన సల్మక్క టూవూంబా కమ్యూనిటీ కాలేజీలో బిజినెస్ మేనేజ్‌మెంట్ డిప్లొమాలో చేరింది. తెలుగు పేపర్ రిపోర్టర్‌కి ఆస్ట్రేలియాలో ఎవరూ ఉద్యోగం ఇవ్వలేదు. అందుకే నేనూ అదే క్లాసులో ఉన్నాను.

ఆమె భర్త ఖాదర్ భాయ్ బ్రిస్బేన్‌లో వై2కె కాంట్రాక్ట్ మీద ప్రోగ్రామర్. "నువ్వూ కోబాల్ ప్రోగ్రామింగ్ నేర్చుకో" అని పోరేవాడు.

"కంప్యూటర్ ముందు కూర్చోవడం నా వల్ల కాదయ్యా. అసలు కూర్చోవడమే రాదు నాకు" అనేది. నిజమే. క్లాసులో కూడా వెనక గోడ దగ్గర నిలబడి వినేది.

అప్పటికి ఆమె ఒక వృద్ధాశ్రమం కిచెన్‌లో గిన్నెలు కడుగుతోంది. అక్కడ సూపర్‌వైజర్ పోస్టు ఖాళీ అవుతోంది. దానికి డిప్లొమా కావాలన్నారు.

జనవరి ఒకటిన ఏ కంప్యూటరూ ఆగలేదు. ఆ మరుసటి నెలే ఖాదర్ భాయ్ కాంట్రాక్ట్ ఆగింది. ఇక ఇల్లు గడవాలంటే ఆ పోస్టే దిక్కు.

డిప్లొమాకి ఒక్క పరీక్ష మిగిలింది. టీచర్ ఉద్యోగిగా నటిస్తూ శనివారం సెలవు అడుగుతుంది. ఆ రోజు తన కొడుకు ఫుట్‌బాల్ మ్యాచ్ అంటుంది. కిచెన్‌లో మనుషులు తక్కువ. సల్మక్క మేనేజర్‌గా జవాబు చెప్పాలి.

"యు గో, డార్లింగ్. ఐ డూ యువర్ షిఫ్ట్" అంది.

ఫెయిల్. అది మంచితనమే కానీ మేనేజ్‌మెంట్ కాదంది టీచర్. వారంలో మరో అవకాశం, అదే ఆఖరు.

ఆ వారం కాలేజీ కార్ పార్క్‌లో అటూ ఇటూ తిరుగుతూ నాతో ప్రాక్టీస్ చేసింది. నేను సెలవు అడగాలి, ఆమె నో అనాలి. అనేది. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగేది.

"మరి పిల్లోడి మ్యాచ్ ఎవరు చూస్తారు?"

"అక్కా, నాకు పిల్లోడే లేడు."

"నువ్వుండవయ్యా!"

రెండోసారి టీచర్ అడిగినప్పుడు సల్మక్క నో అనలేదు. యస్ అనీ అనలేదు. క్లాసు వైపు తిరిగింది.

"హూ కెన్ టేక్ హర్ సాటర్‌డే? షి విల్ డూ యువర్ సండే."

ముగ్గురం చెయ్యెత్తాం. పాసయింది.

ఆ పోస్టూ వచ్చింది. వృద్ధాశ్రమం కిచెన్‌ని మొన్నటిదాకా ఆమే నడిపింది.

ఈ రోజు ఖననం. శనివారం. కిచెన్‌లో అందరూ వస్తామన్నారు. కానీ ఆశ్రమంలో పెద్దవాళ్లకి లంచ్ పెట్టాలి. సగం మంది మసీదులో నమాజు దాకా ఉండి డ్యూటీకి వెళ్లిపోయారు. అప్పటిదాకా వంట చూసిన మిగతా సగం మంది కిచెన్ వాళ్లకి అప్పగించి, ఏప్రాన్లు కూడా విప్పకుండా నేరుగా ఖబరస్తాన్‌కి వచ్చారు.

ఈ ఏర్పాటు ఎవరు చేశారని ఒకమ్మాయిని అడిగాను.

"నోబడీ, మేట్. వి ఆల్వేస్ డూ ఇట్ లైక్ దిస్."

లంచ్ టైముకే అందిందట. కనుక్కున్నాను.

నీ శనివారం మేం చూసుకున్నాం అక్కా. ఇక కాసేపు కూర్చో. అల్లా నీకు నెమ్మదినివ్వాలి.